మోకు తెలిసినవాళ్లకు సాడిల్ కొత్త కాదు: మిషిగన్‌లో చెట్టెక్కి జింక వేట నేర్చుకునేవారికి

నల్గొండ పక్కన మా ఊళ్లో తెల్లారకముందే తాళ్లెక్కే గీత కార్మికులను చూస్తూ పెరిగాను. చెట్టు చుట్టూ మోకు తిప్పి, దాని మీద నడుం వాల్చి, రెండు చేతులూ వదిలేసి గెల గీసేవాళ్లు. చాలా ఏళ్ల తర్వాత డెట్రాయిట్ దగ్గర నోవైలో ఉంటూ ఆఫీసు మిత్రుడి వెంట మొదటిసారి అడవికి వెళ్లాను. అతను నడుముకు ఒక పట్టీ తగిలించుకుని, ఓక్ చెట్టు చుట్టూ తాడు తిప్పి వెనక్కి వాలి నిలబడ్డాడు. "ఇది మా మోకే కదా" అనుకున్నాను. దాన్ని సాడిల్ అంటారనీ, మోకులో లేనిది దాంట్లో ఒకటి ఉందనీ తర్వాత తెలిసింది. ఆ ఒక్క తేడా అర్థమైతే మిగతాదంతా వస్తుంది.

ఇది అమెరికాలో ఉన్నవాళ్ల కోసం. మన దగ్గర జింకను వేటాడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలే. ఇక్కడ తెల్లతోక జింకలు శివారు కాలనీల పెరళ్లలోకి కూడా వస్తాయి. రాష్ట్రమే లైసెన్సులు అమ్మి, సీజన్ పెట్టి వేటాడనిస్తుంది. నాకు తెలిసింది మిషిగన్ కాబట్టి ఆ లెక్కలే చెబుతాను. మీ రాష్ట్రం నిబంధనలు మీరు చూసుకోవాలి.

మంచె ఎందుకు వద్దు

జింక చూపూ వాసనా ఎక్కువగా నేల మట్టానికే అలవాటు పడి ఉంటాయి. అందుకే వేటగాళ్లు చెట్టు మీద మాటు వేస్తారు. పాత పద్ధతి ట్రీస్టాండ్, అంటే చెట్టుకు బిగించిన ఇనుప మంచె. బరువు, చప్పుడు, ఒకచోట పెడితే అక్కడే. పైగా మంచె మీద కూర్చున్నవాడిని పట్టుకునే తాడు విడిగా ఒంటికి కట్టుకునే రక్షణ పట్టీకి ఉంటుంది, అది కట్టుకోవడం బద్ధకమై పడిపోయినవాళ్లు ఎందరో.

సాడిల్ అంటే తొడల కింద, నడుము వెనక పట్టే గుడ్డ ఊయల. మీరు కూర్చున్నదీ మిమ్మల్ని పట్టుకున్నదీ ఒకటే. సాడిల్, కాళ్ల కింద చిన్న ప్లాట్‌ఫాం, ఎక్కడానికి నాలుగు స్టిక్‌లు (చెట్టుకు పట్టీతో కట్టే, మెట్లున్న పొట్టి నిచ్చెన ముక్కలు) కలిపినా సాధారణంగా ఇరవై పౌండ్లు దాటవు. వీపున వేసుకుని, ఆ రోజు గాలిని బట్టి చెట్టు ఎంచుకోవచ్చు. ఇది నిన్నమొన్నటి సంగతి కాదు. ఈ మిషిగన్‌కే చెందిన విల్లు వేటగాడు జాన్ ఎబర్‌హార్ట్ 1980ల నుంచే సాడిల్‌లో వేటాడుతున్నాడు. 2018 తర్వాత టెథర్డ్, లాటిట్యూడ్ లాంటి కంపెనీలు వచ్చాకే అందరి నోటా పడింది.

ముందు కాగితాలు

మిషిగన్‌లో 1960 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ సేఫ్టీ కోర్సు పాస్ కావాలి. కోర్సుకు ముందే రుచి చూడాలంటే అప్రెంటిస్ లైసెన్సు ఉంది. అనుభవం ఉన్న పెద్దవాళ్లు వెంట ఉండాలి. విల్లు సీజన్ అక్టోబర్ 1న మొదలవుతుంది, నవంబర్ 15 నుంచి తుపాకీ సీజన్.

మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. హెచ్1బి, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉన్నమాట నిజమే కానీ, లాయర్‌ని అడగకుండా దాని మీద ఆధారపడకండి. విల్లూ, ట్రిగ్గర్ నొక్కి బాణం వదిలే క్రాస్‌బో ఆ చట్టం లెక్కలో తుపాకీలు కావు. వీసా మీద ఉన్నవాళ్లకు నా సలహా: విల్లుతో మొదలుపెట్టండి.

సర్కారు అడవిలో చెట్టుకు మేకులు కొట్టకూడదు, మరచుట్టు మెట్లు దింపకూడదు. స్టాండు అక్కడే వదిలి వస్తే దాని మీద మీ పేరు, చిరునామా గానీ మిషిగన్ డ్రైవింగ్ లైసెన్సు నంబరు గానీ కింద నుంచి చదవగలిగేలా ఉండాలి. సాడిల్‌వాళ్లు అన్నీ విప్పుకుని ఇంటికి తెచ్చుకుంటారు కాబట్టి ఈ తలనొప్పి తక్కువ.

సామాను

షాపులో ముందు కళ్లు సాడిల్ మీదకు పోతాయి. నిజానికి మీ ప్రాణం ఉన్నది తాళ్ల మీద.

తాళ్లు రెండు. ఒకటి లైన్‌మన్ బెల్ట్. సాడిల్‌కు రెండు పక్కలా ఉన్న గాజుల్లాంటి కుట్లకు తగిలి, చెట్టు చుట్టూ తిరిగి వస్తుంది. అచ్చం మోకే. పాదాలు మెట్టు మీద నిలిచి ఉన్నంతసేపు దాని మీద వాలి రెండు చేతులతో పని చేసుకోవచ్చు. కాలు జారితే? మోకు ఏం చేస్తుందో అదే చేస్తుంది. చెట్టును గట్టిగా పట్టదు, మనిషితో పాటు కిందికి జారిపోవచ్చు. తాటిచెట్టు మీద నుంచి పడి నడుములు విరిగినవాళ్లు మా ఊళ్లో ఇంటికొకరు కాకపోయినా వాడకొకరు ఉంటారు. కాలు జారినా మనిషి చెట్టు మీదే ఆగేలా తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది అందుకే.

రెండో తాడు టెథర్. ఇది చెట్టును ఉచ్చులా బిగిస్తుంది. బరువు పడేకొద్దీ ఇంకా బిగుస్తుంది. సాడిల్ ముందు ఎడమ నుంచి కుడికి ఒక చిన్న తాడు వంతెనలా ఉంటుంది, దాన్ని బ్రిడ్జ్ అంటారు. టెథర్ ఆ బ్రిడ్జ్‌కు కారబైనర్ అనే లోహపు కొక్కెంతో తగులుతుంది. మోకులో లేనిది ఈ టెథరే.

టెథర్ పొడవును సర్దేది ప్రూసిక్ ముడి. సన్నటి తాడుతో లావు తాడు చుట్టూ వేసే ఈ ముడిని చేత్తో జరిపితే జరుగుతుంది, బరువు పడితే పట్టేస్తుంది. దాని బదులు రోప్‌మన్ లాంటి ఇనుప క్లిప్పులు దొరుకుతాయి. చలికి వేళ్లు మొద్దుబారినప్పుడు అవి సుఖం. అయితే మీ తాడు ఎన్ని మిల్లీమీటర్లో ఆ పరికరం అంత లావుకే తయారైందా అని చూడాలి. ముడైనా క్లిప్పైనా, తాడు చివర ఒక ఆపుడు ముడి తప్పనిసరి.

సాడిల్ తాళ్లు దాదాపు సాగవు. అందుకని టెథర్ ఎప్పుడూ బిగువుగా ఉండాలి. రెండడుగుల వదులు ఉంచి పడితే ఆ కుదుపంతా నడుము మీదా తాడు మీదా ఒక్కసారిగా పడుతుంది. సాడిల్ అంటే పడేవాడిని ఆపే పరికరం అనుకోకండి, అసలు పడనివ్వకుండా పట్టి ఉంచే పరికరం.

కారబైనర్లు తాళంచెవుల గుత్తికి వాడే రకం కాదు, పర్వతారోహణకు వాడేవి, వాటంతట అవే లాక్ అయ్యేవి కొనండి. ఒంటి మీద 22 కిలోన్యూటన్లు అనో అంతకు పైనో రాసి ఉంటుంది. అంటే రెండు టన్నుల పైమాటే. కానీ ఆ బలం నిలువుగా లాగినప్పుడే. అడ్డంగా తిరిగితే మూడో వంతుకు పడిపోతుంది. తగిలించిన ప్రతిసారీ ఒకసారి తడిమి చూడటం అలవాటు చేసుకోండి.

సాడిల్ కొనేటప్పుడు చలి బట్టలు వేసుకుని కొలత చూసుకోండి. చాలావాటికి బరువు పరిమితి 300 పౌండ్లు, అంటే 136 కిలోలు. అందులో మీ బ్యాగు, బూట్లు, బట్టలు కూడా లెక్కే. స్టిక్‌లు ఇరవై అంగుళాలవి నాలుగు చాలు. ప్లాట్‌ఫాం పళ్లెమంతే ఉంటుంది, మొదటిసారి చూస్తే నవ్వొస్తుంది. మోకాళ్లకు ప్యాడ్లు మాత్రం కొనాల్సిందే. చెట్టు బెరడుకు మోకాళ్లు ఆనించి నాలుగు గంటలు కూర్చుంటే తెలుస్తుంది. అంతా కలిపి పొదుపుగా కొన్నా 500 డాలర్లకు అటూ ఇటూ అవుతుంది. డబ్బు మిగుల్చుకోవాలంటే ప్లాట్‌ఫాం, స్టిక్‌లు సెకండ్ హ్యాండ్‌వి తీసుకోండి. తాళ్లు, సాడిల్ మాత్రం కొత్తవే. పాత తాడు ఎంత ఎండ తిన్నదో, ఏ ఆసిడ్ పక్కన పడి ఉందో అమ్మేవాడికే గుర్తుండదు.

ఏ చెట్టు

బతికిన చెట్టు, నిటారుగా ఉన్నది, ఎనిమిది నుంచి పద్దెనిమిది అంగుళాల మందం. ఇంతకు మించి నియమం అక్కర్లేదు, మిషిగన్‌లో ఒక్కటి తప్ప: యాష్ చెట్టు ఎక్కొద్దు. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చ పురుగును 2002లో మొదట గుర్తించింది ఈ డెట్రాయిట్ చుట్టుపక్కలే. లోపల బెరడు తొలిచేసి కోట్ల చెట్లను చంపింది. దూరం నుంచి నిటారుగా కొమ్మల్లేకుండా ముచ్చటగా కనిపిస్తాయి, అది శవం. ఆకుల్లేని నవంబర్‌లో ఏది బతికిందో తెలియడం కష్టం కాబట్టి ఆగస్టులోనే వెళ్లి చెట్లు గుర్తుపెట్టుకుని ఫోన్ మ్యాపులో పిన్ వేసుకోండి.

షాగ్‌బార్క్ హికరీ బెరడు పెంకులు పెంకులుగా లేచి ఉంటుంది. స్టిక్ పట్టదు, పట్టినా పటపటమని చప్పుడు. బీచ్ చెట్టు నున్నన, వానలో జారుతుంది. మాను మీద వెంట్రుకల తాడులా పాకిన తీగ కనిపిస్తే అది పాయిజన్ ఐవీ. ఆకులు రాలినా దాని రసం ఊరుకోదు. నల్లజీడి తగిలితే ఒళ్లు పొక్కడం గుర్తుందా? ఇదీ ఆ కుటుంబమే.

ఓక్ చెట్లలో వైట్ ఓక్ కాయలంటే జింకలకు ప్రాణం. ఆ చెట్టు కిందకే దారులు వస్తాయి. మీరు ఎక్కాల్సింది మాత్రం దాన్ని కాదు, దానికి ఇరవై గజాల దూరంలో, గాలి మీ వైపు నుంచి దారి వైపు పోని చోట ఉన్న చెట్టును.

మోకాలెత్తులో నెల రోజులు

ఈ భాగం దాటేసి అడవికి పోయేవాళ్లే ఎక్కువ. పెరట్లో గానీ, మిత్రుడి పెరట్లో గానీ ఒక చెట్టుకు ప్లాట్‌ఫాం నేల నుంచి అడుగున్నర ఎత్తులో కట్టండి. టెథర్ నుదుటి ఎత్తున బిగించి, బ్రిడ్జ్‌కు తగిలించి, మెల్లగా బరువు వదలండి. భయం వేస్తుంది. వేయాలి కూడా. పది నిమిషాలకు పోతుంది.

తుంటి ఎముకల మీద నొక్కుతుంటే టెథర్‌ను ఒక జానెడు పైకో కిందికో జరపండి, బ్రిడ్జ్ పొడవు మార్చండి. సాడిల్ వెనక భాగాన్ని తొడల కిందికి లాగండి. ఈ సర్దుబాట్లకు సూత్రం లేదు, ఒంటిని బట్టి ఉంటుంది. చెట్టుకు మోకాళ్లు ఆనించి కూర్చోవడం, కాళ్లు చాపి వెనక్కి వాలడం, రెండూ మార్చి మార్చి అలవాటు చేసుకోండి.

నా మొదటి వారం ప్రూసిక్ తాడు కొత్తది, కర్రలా బిరుసుగా ఉంది. ముడి వేశాను, లాగి చూడలేదు. వెనక్కి వాలగానే సర్రున జారింది. నేల అడుగున్నర కిందే ఉంది కాబట్టి పిర్రలతో, పరువుతో సరిపోయింది. అప్పటి నుంచి ముడిని జరిపిన ప్రతిసారీ, చెయ్యి చెట్టు మీద ఉండగానే, ముందు కొంచెం బరువు వేసి పట్టిందో లేదో చూస్తాను.

ఆ తర్వాత కావాలని ప్లాట్‌ఫాం నుంచి కాళ్లు జార్చండి. ఊగి చెట్టుకు కొట్టుకుంటారు, అంతే. అక్కడి నుంచి తిరిగి మెట్టు అందుకోవడం కళ్లు మూసుకుని కూడా వచ్చేదాకా చేయండి. నిజంగా పైన జారిన రోజు కదలకుండా వేలాడుతూ ఉండకూడదు. పట్టీలు కాళ్ల రక్తప్రసరణను నొక్కుతాయి, ఎక్కువసేపైతే ప్రాణాపాయం. పాదం పెట్టుకుని నిలబడటానికి ఒక తాడు మెట్టు జేబులో ఉంచుకోండి.

ఇది సులువయ్యాక ఆరడుగులు, తర్వాత పది. తొలి సీజన్‌కు పన్నెండు అడుగులు చాలు. పద్దెనిమిది అడుగుల గొప్పలు తర్వాత.

ఎక్కడం

కొందరు ఎక్కేటప్పుడు లైన్‌మన్ బెల్ట్ ఒక్కటే వాడి, పైకి చేరాక టెథర్ వేస్తారు. మోకు సంగతి చూసినవాడిని కాబట్టి నేను నేల మీద నుంచే రెండూ వేస్తాను. ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. జింక వేచి ఉంటుంది.

1. చెట్టు మొదట్లోనే సాడిల్ పట్టీలు, బ్రిడ్జ్, కారబైనర్లు వరసగా తడిమి చూడండి. లైన్‌మన్ బెల్ట్ రెండు పక్కలా తగిలించండి. టెథర్ చెయ్యి అందినంత ఎత్తున బిగించి బ్రిడ్జ్‌కు తగిలించండి. మిగతా మూడు స్టిక్‌లు, ప్లాట్‌ఫాం సాడిల్‌కు వేలాడుతూ ఉంటాయి. విల్లు నేల మీదే, ఒక తాడు చివర కట్టి.

2. మొదటి స్టిక్ కట్టి, పట్టీ లాగి, కిందికి గట్టిగా నొక్కి కూర్చోబెట్టండి. ఇంకా నేల అందుతుండగానే దాని మీద ఎక్కి ఊగి చూడండి.

3. ఎక్కాక టెథర్‌ను పైకి జరిపి బిగించండి. తర్వాతే లైన్‌మన్ బెల్ట్. ఒకసారికి ఒక తాడే కదలాలి. రెండూ ఒకేసారి వదులైన క్షణం ఉండకూడదు.

4. రెండో స్టిక్ అడుగు మెట్టు, మీరు నిలబడ్డ మెట్టు నుంచి తొడ దాటని ఎత్తులో ఉండాలి. ఎత్తు కలిసొస్తుందని ఎక్కువ ఎడం పెడితే ఎక్కేటప్పుడు బాగానే ఉంటుంది, చీకట్లో దిగేటప్పుడు పాదానికి అందదు.

5. కొమ్మ అడ్డొస్తే టెథర్‌ను విప్పి కొమ్మకు పైన వేసి బిగించండి, అప్పటిదాకా లైన్‌మన్ బెల్ట్ పట్టుకుని ఉంటుంది. బరువు టెథర్ మీదకు వచ్చాక లైన్‌మన్ బెల్ట్ విప్పి పైన వేయండి. ఎక్కేవాళ్లు తాడు విప్పేది కొమ్మ దగ్గరే, పడేదీ అక్కడే. కొమ్మలు తక్కువున్న చెట్టు ఎంచుకోమనేది ఇందుకే.

6. పై స్టిక్ మీద నిలబడి, దాని పై మెట్టుకు సమానంగా గానీ కొంచెం కిందికి గానీ ప్లాట్‌ఫాం బిగించండి. ఒక కాలు పెట్టి బరువు వేసి చూడండి, తర్వాత రెండోది.

7. టెథర్ నుదుటి ఎత్తుకు సర్ది, పూర్తిగా కూర్చుని, పట్టిందని తెలిశాకే లైన్‌మన్ బెల్ట్ తీయండి.

8. ఇప్పుడు విల్లు పైకి లాగండి. బాణం సంధించి ఉండకూడదు, క్రాస్‌బో అయితే బిగించి ఉండకూడదు.

పైన

సాడిల్‌లో చెట్టు మీకు ఎదురుగా ఉంటుంది. జింకకూ మీకూ మధ్య అదే చాటు. జింక వస్తున్నకొద్దీ మాను వెనక మెల్లగా జరుగుతారు. కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ పక్క బాణం వేయడం తేలిక, కుడి పక్కకు తిరగడం కష్టం. అందుకని ప్లాట్‌ఫాం కట్టేటప్పుడే జింక దారి మీ ఎడమ చేతి వైపు పడేలా చూసుకోండి. కిందికి గురిపెట్టేటప్పుడు చేతులు దించకుండా నడుము దగ్గర వంగండి. ఇది కూడా పెరట్లో అభ్యాసం చేయాల్సిందే.

గాలి చూసుకోవడానికి ఇక్కడి వేటగాళ్లు మిల్క్‌వీడ్ కాయలు జేబులో వేసుకుంటారు. పగలగొట్టి ఒక పీచు వదిలితే అది గాలివాటున పోతూ కనిపిస్తుంది. మొదటిసారి చూసి జిల్లేడు దూది అనుకున్నాను. అనుకున్నది నిజమే, రెండూ దగ్గరి చుట్టాలు. పొద్దున ఎండెక్కేకొద్దీ గాలి పైకి లేస్తుంది, సాయంత్రం చల్లబడ్డాక కిందికి దిగి పల్లాల వెంట పారుతుంది. ఉదయం పనికొచ్చిన చెట్టు సాయంత్రం పనికిరాకపోవడం అందుకే.

దిగడం

సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకు వేటకు అనుమతి. కాబట్టి దిగేది ఎప్పుడూ చీకట్లోనే, చలిలో బిగుసుకుపోయిన కాళ్లతోనే. ముందు విల్లు కిందికి దించండి. హెడ్‌లాంప్ తలకు పెట్టుకోండి, బ్యాగులో కాదు. దిగకముందే రెండు నిమిషాలు కాళ్లు ఆడించండి. లైన్‌మన్ బెల్ట్ వేశాకే ప్లాట్‌ఫాం మీద నుంచి స్టిక్ మీదకు మారండి, తర్వాత ఎక్కిన వరసకు తిరగేసి ఒక్కో స్టిక్ విప్పుకుంటూ రావాలి. జింక తగిలి ఉంటే ఇంకా నెమ్మది. గుండె దడదడలాడుతుంటే చేతులు ముళ్లు మరిచిపోతాయి.

ఎక్కే ముందే ఇంట్లోవాళ్లకు చెట్టు పిన్ పంపి, ఎన్నింటికి దిగుతారో చెప్పండి. ఫోన్ ఛాతీ జేబులో ఉండాలి, వేలాడుతూ కూడా అందేలా. జింక దొరికితే మిషిగన్‌లో 72 గంటల్లోపు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. సి.డబ్ల్యు.డి. అనే జింకల జబ్బు ఇక్కడ 2015 నుంచి ఉంది కాబట్టి, ఆ జబ్బు కనిపించిన జిల్లాల్లో తల పరీక్షకు ఇచ్చి, ఫలితం వచ్చాకే కూర సంగతి ఆలోచించండి.

ఇంటికొచ్చాక తడిసిన తాళ్లను హీటర్ మీద వేయకుండా నీడన ఆరబెట్టండి. ఆరాక రెండు వేళ్ల మధ్య ఈ చివర నుంచి ఆ చివరకు లాగుతూ చూడండి. ఎక్కడైనా పోగు లేచినా, గాజులా నున్నగా మెరిసినా, లోపల మెత్తగా తగిలినా ఆ తాడు వదిలేయండి. నేనైతే ముక్కలు ముక్కలుగా కోసి చెత్తబుట్టలో వేస్తాను, లేకపోతే ఏదో ఒక పొద్దున తొందరలో మళ్లీ అదే బ్యాగులోకి వచ్చేస్తుంది.